బిడ్డ క్షేమం

మొదటి రోజు

పలక అడిగిన ప్రశ్న: "ఈ రోజు మీకు గుర్తొచ్చిన పొరపాటు ఏమిటి?"

జవాబు: మీ కేంద్రానికి రావడం.

ఈ జవాబు చెల్లదట. మీరు ఇంటికిచ్చి పంపిన పలక ఎర్రగా మెరిసి, "దయచేసి గర్భకాలంలో మీరు చేసిన పొరపాటు రాయండి" అంటోంది. గొంతు మాత్రం ఎంత తియ్యగా పెట్టారో! ఇలా ఇరవై ఒక్క రోజులు రాయాలట. సరే, రాయమన్నారుగా, రాస్తా. అవతల చదివేది ఎవరో నాకు తెలీదు గానీ, ఎవరైనా సరే, ముందు కుర్చీలో సరిగ్గా కూర్చోండి.

నా పేరు ఎస్తేరు. ఏడో తెప్ప, మూడో వరస. నాచు తాళ్ళు గీకే పని నాది. మా ఆయన యోనా మంచినీళ్ళ మోటార్ల మెకానిక్కు. మొన్న మంగళవారం మీ తల్లీబిడ్డల కేంద్రంలో నాకు బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఏడవలేదు కాబట్టి పుట్టనే లేదని మీరు రాశారు. మీ కాగితం మీద నేను తల్లిని కాను, "శూన్య ప్రసవం, కేసు నంబరు నలభై రెండు". తొమ్మిది నెలలు నేను మోసింది శూన్యమే అయితే నా నడుం ఇంకా ఎందుకు నొప్పెడుతోందో మీ పెద్ద డాక్టరు పురుషోత్తం గారిని అడిగి చెప్పండి.

బిడ్డని నాకు చూపించలేదు. సిస్టర్ హైమావతి గుడ్డ కప్పేసి, మొహం పక్కకి తిప్పుకుని తీసుకుపోయింది. "చూడకూడదమ్మా. చూస్తే మళ్ళీ కడుపుకి మంచిది కాదు" అంది. ఆడో మగో కూడా చెప్పలేదు. ఆడపిల్ల అని నేల తుడిచే ఆయా నా చెవిలో చెప్పి పోయింది. ఆ తల్లి చల్లగుండాలి. తర్వాత నాకు బూడిదరంగు గౌను తొడిగి, వెనక తలుపు నుంచి, చెత్త పడవలు ఆగే మెట్ల మీదుగా పంపించారు. ముందు హాల్లో కడుపుతో ఉన్నవాళ్ళు కూర్చుంటారు, నా మొహం చూస్తే వాళ్ళకి అరిష్టమట. యోనా మాత్రం ముందు తలుపు నుంచి వెళ్ళొచ్చన్నారు. మగాడి మొహంలో అరిష్టం ఉండదు కాబోలు.

పాప మీ చల్లగదిలో ఉంది. ఈ పలకలో నా తప్పు తేలి, "కారణం: తల్లి అజాగ్రత్త" అన్న గడి కింద నేను సంతకం పెడితే పాపనిస్తారు, దిబ్బ మీద పూడ్చుకోడానికి కాగితం కూడా ఇస్తారు. సముద్రం ఊళ్ళు మింగేశాక ఈ పదకొండు తెప్పలకీ మిగిలిన గట్టి నేల ఆ దిబ్బ ఒక్కటే. సంతకం పెట్టకపోతే ఇరవై రెండో రోజు పొద్దున పాప మీ కేంద్రం చెత్తతో పాటు కొలిమిలోకి పోతుంది. ఇంత మాటని ఎంత చక్కగా అచ్చేసి ఇచ్చారో, కింద పువ్వు బొమ్మ కూడా వేశారు.

మూడో రోజు

పొరపాట్లు గుర్తు తెచ్చుకోమన్నారని పనిగట్టుకుని కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను. నాలుగో నెలలో మా ఆయన స్నానం చేస్తూ పాట పాడితే లేచిపోకుండా విన్నాను. అయిదో నెలలో ఎండురొయ్యల పులుసు రెండోసారి వేసుకున్నాను. ఆరో నెలలో పక్కింటి పిల్లిని తిట్టాను. ఏడో నెలలో నవ్వాను, అదీ పళ్ళన్నీ కనపడేలా.

పలక ఏమందో తెలుసా? "రొయ్యల పులుసు నమోదైంది. పరిమాణం తెలపండి" అంది. గరిటెడు. పెద్ద గరిటె. రాసుకోండి.

పొద్దున మా వరస ఆడవాళ్ళు పరామర్శకి వచ్చారు. వచ్చారంటే ఇంటిదాకా వచ్చారని కాదు. మా గడపకీ వాళ్ళ గడపలకీ మధ్య బల్ల ఉంటుంది కదా, దాని అవతలి కొసన నిలబడ్డారు. ఒకావిడ "కేంద్రం ఇచ్చిన పట్టీ నడుంకి బిగించి కట్టుకోలేదేమో" అంది. ఇంకో ఆవిడ "తాళ్ళు గీకేటప్పుడు వంగి ఉంటుంది" అంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా? బిడ్డ ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు బిడ్డ ఉందని ఎవరూ అనుకోవడం లేదు.

నా ఒంటికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మధ్యాహ్నానికి పాలు పడ్డాయి. రవిక తడిసిపోయింది, రొమ్ములు రాళ్ళయ్యాయి, జ్వరం. ఇలా అవుతుందని మీలో ఒక్కళ్ళూ చెప్పి పంపలేదు. పలకని అడిగితే, "పాలకు సంబంధించిన సలహాలు తల్లులకు మాత్రమే" అంది. నేను పలకని మంచానికేసి కొట్టాను. పగల్లేదు, గట్టి సరుకే కొన్నారు.

మా అత్త మార్తమ్మకి పెయింటు డబ్బాలో ఒకే ఒక్క మల్లెచెట్టు ఉంది. మంచినీళ్ళు మనుషులకే కొలిచి పోసే ఈ తెప్ప మీద తన వాటా నీళ్ళు దానికి పోసి బతికించుకుంటుంది. చర్చికి వెళ్ళేటప్పుడు కూడా ఒక్క పువ్వు తెంపనివ్వదు. ఆ చెట్టుని ఈ రోజు మొగ్గల్తో సహా దులిపేసింది. పాత గుడ్డలో వేసి నా రొమ్ములకి బిగించి కట్టి, "మల్లెలకి పాలు వెనక్కి పోతాయే. మా అమ్మ చెప్పింది" అంది. ఇద్దరం ఏడ్చాం. ఇది పొరపాటు కిందకి రాదు గానీ రాస్తున్నాను.

అయిదో రోజు

ఈ రోజు పట్టీ సంగతి రాయాలి.

మూడో నెలలో మీరు చేసే పట్టీ పండగ ఉంది కదా, అప్పటి మాట. పాతికమందిని హాల్లో వరసగా కూర్చోబెట్టారు. పసుపు పూశారు. పాస్టరు గారొకసారి, పంతులు గారొకసారి వచ్చి ప్రార్థన చేశారు. డాక్టరు పురుషోత్తం గారు తన చేతుల్తో అందరి నడుములకీ పట్టీలు కట్టి, "ఇక బిడ్డ భారం పట్టీదే. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. కొట్టాను, నేనూ కొట్టాను.

అప్పట్నుంచీ కట్టుకోగానే ఒకసారి, తర్వాత గంటగంటకీ పట్టీ పలికేది. "బిడ్డ క్షేమం. గుండె నూట నలభై." ఆ మాట వినపడితే మా అత్త తింటున్న ముద్ద ఆపి దండం పెట్టేది. కడుపుతో ఉన్న మనిషి తప్ప పట్టీని ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు. యోనా చెయ్యి పొరపాటున తగిలితే చెంపలేసుకునేవాడు. మేం పిచ్చివాళ్ళం. మీరు చెప్పారు, మేం నమ్మాం.

తొమ్మిదో నెల పడ్డాక ఒకరోజు పిల్ల తన్నలేదు. రోజూ పొద్దున గంజి గొంతు దిగగానే తన్నే పిల్ల. మీ కేంద్రానికి పరిగెత్తాను. సిస్టర్ హైమావతి పట్టీ మీది అంకెల కిటికీలోకి చూసి, "క్షేమం అంటోంది కదమ్మా. నీకు తెలుసా, పట్టీకి తెలుసా?" అంది. మర్నాడూ తన్నలేదు. మళ్ళీ వెళ్ళాను. "మొదటి కాన్పు వాళ్ళందరిదీ ఇదే వరస" అని గ్లాసుడు పంచదార నీళ్ళిచ్చి పంపింది. మూడో రోజు పెద్ద డాక్టరే చూశారు. చూశారంటే పట్టీని చూశారు. ఒక్కసారి కడుపు మీద చెయ్యి పెట్టి చూడండి సార్ అని బతిమాలాను. "పట్టీ ఉండగా చెయ్యెందుకు?" అన్నారు. నా ఫైలులో "ఆందోళన స్వభావం" అని రాసి, యోనా వైపు తిరిగి, "ఆవిడకి కాస్త పని చెప్పండి. ఊరికే కూర్చుని ఆలోచిస్తోంది" అన్నారు.

తర్వాత రెండు రోజులకి నొప్పులు వచ్చాయి. నొప్పుల మధ్యలో కూడా నా నడుం మీద పట్టీ "బిడ్డ క్షేమం" అంటూనే ఉంది. పాప బయటికొచ్చింది, సిస్టర్ గుడ్డ అందుకుంది.

పలక అంటోంది: "ఇందులో మీ పొరపాటు ఎక్కడుందో స్పష్టంగా తెలపండి." ఉంది. మూడోసారి వచ్చినప్పుడు మీ హాల్లో బల్లల్లో ఒకటి విరగ్గొట్టకుండా ఇంటికి పోయాను.

ఏడో రోజు

పొద్దున్నే పలక గుర్తు చేసింది. "ఈ రోజు పట్టీ విడుపు. పట్టీని సముద్రంలో విడిచారా?"

చావు చూసిన పట్టీ ఇంట్లో ఉంటే అరిష్టం అంటారు. ఏడో రోజు ఇంటి పెద్దావిడ దాన్ని తీసుకెళ్ళి తెప్ప అంచు నుంచి నీళ్ళలో వదిలి, వెనక్కి చూడకుండా రావాలి. ఇది ముసలమ్మల మాట అనుకునేదాన్ని. అంత చదువుకున్న కేంద్రం కూడా రోజు లెక్కపెట్టి మరీ గుర్తు చేస్తుంటే ముచ్చటేసింది.

మా అత్త ఉప్పునీళ్ళలో గుడ్డలు ఉతికొచ్చి పట్టీ తీసుకెళ్తానంది. ఆవిడ ఉతుకుతున్నంత సేపూ పట్టీ నా ఒళ్ళో ఉంది. తొమ్మిది నెలల్లో నా తర్వాత పాపకి దగ్గరగా ఉన్నది అదొక్కటే. ఎందుకు చేశానో చెప్పలేను, కట్టుకున్నాను. కడుపు జారిపోయింది కదా, రెండు రంధ్రాలు లోపలికి బిగించాల్సొచ్చింది.

"బిడ్డ క్షేమం. గుండె నూట నలభై రెండు."

నేను నమ్మాను. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి, నేను నమ్మాను. కవలలేమో, ఒకటి లోపలే ఉండిపోయిందేమో అనుకున్నాను. కడుపు మీద చెయ్యి పెట్టి "ఉన్నావా అమ్మా?" అని అడిగాను. ఎంతసేపు అలా అడిగానో తెలీదు. తడిగుడ్డల గంపతో లోపలికొచ్చిన మా అత్త, "బిడ్డ క్షేమం" అన్న గొంతు విని గంప కింద పడేసింది. "ప్రభువా" అని గోడకి ఆనుకుంది. ఆవిడ మొహం చూశాకే నాకు బుర్ర తిరిగి పనిచేసింది. లోపల ఎవరూ లేరు. ఇది అబద్ధం చెబుతోంది.

పట్టీ విడిచారా అని సాయంత్రం మళ్ళీ అడిగారు. విడవలేదు, విడవను కూడా.

ఎనిమిదో రోజు

యోనాకి చెప్పాను. మామూలుగా చెప్పిన మాట రెండుసార్లు చెప్పించుకునే మనిషి, ఒక్కసారికే లేచి నిలబడ్డాడు. నా మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాడు. డెబ్భై ఒకటి. పట్టీ నూట నలభై రెండు అంటోంది. సరిగ్గా రెట్టింపు.

"మోటారు ఆగిపోయినా పక్క మోటారు అదురుకి మీటరు తిరుగుతూనే ఉంటుంది ఎస్తేరూ. కొత్త మెకానిక్కులు అది చూసి నీళ్ళొస్తున్నాయనుకుంటారు" అన్నాడు. "పాప గుండె ఆగిపోయాక ఇది నీ గుండెని పట్టుకుంది. రెట్టించి చెప్పింది."

తను కట్టుకుని చూశాడు. ముందు చెంపలేసుకున్నాడు, చిన్నప్పట్నుంచీ విన్న భయం కదా. నాడి అరవై నాలుగు. పట్టీ, "బిడ్డ క్షేమం. గుండె నూట ఇరవై ఎనిమిది" అంది. మా అత్త కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఒక బైబిలు వాక్యం చెప్పుకుని, "నాకూ కట్టండి" అంది. అరవై రెండేళ్ళ మనిషి. "బిడ్డ క్షేమం. గుండె నూట ముప్పై ఆరు. తల్లి బరువులు ఎత్తరాదు." నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను.

మా అత్త నవ్వలేదు. మా ఆడబిడ్డ సలోమికి నాలుగేళ్ళ కింద ఇలాగే అయింది. ఆ పట్టీని సముద్రంలో వదిలింది ఈవిడే, వెనక్కి చూడకుండా వచ్చింది. సలోమి పలకలో "మెట్ల మీద పరిగెత్తాను" అని రాసి సంతకం పెట్టింది. నాలుగేళ్ళుగా ఈవిడ ఆ పిల్లని మెట్ల గురించి సాధించింది. ఇప్పుడు ఆ పిల్ల పుట్టింటి గడప తొక్కదు. "దాన్ని ఎన్ని మాటలన్నానే ఎస్తేరూ, నా నోరు పడిపోను" అని తల పట్టుకుంది.

ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తెలీలేదని మీరు అడగరు, నేనే చెబుతాను. బిడ్డ బాగున్నన్నాళ్ళూ పట్టీ చెప్పేది నిజమే. బిడ్డ పోయాక అది సముద్రంలోకి పోతుంది. మధ్యలో ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. ఎంత బాగా కుదిరిందో చూశారా! మా భయం మీకు తలుపూ తాళమూ అయింది.

పదో రోజు

మీ వెనక కౌంటరుకి వచ్చాం. సిస్టర్ హైమావతి నా చేతిలో పట్టీ చూడగానే రెండడుగులు వెనక్కేసింది. "ఇంకా విడవలేదా! లోపలికి తేకమ్మా, అక్కడే బయటపెట్టు." యోనా జరిగింది చెప్పాడు, నాడి లెక్కలు చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ ఒక చోట ఆగిపోయింది. మొహంలో రంగు మారింది, నేను చూశాను. అంతలో తేరుకుని, "సార్‌ని అడిగొస్తా" అని లోపలికి పోయి, సార్ మాట మోసుకొచ్చింది. "పుట్టెడు దుఃఖంలో ఉన్నారు, అలా వినపడుతుంది. పట్టీ విడిస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నారట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాళ్ళ పట్టీకి చెవుడైతే నా చెవులకి జబ్బట.

ఇంటికొచ్చేసరికి పలకలో కొత్త వరస ఎక్కింది. "ఆందోళన స్వభావం. రెండోసారి." దాని కింద, "భర్తకు సోకినట్టు అనుమానం."

యోనా ఆ వరస చదివి గడప మీద కూలబడ్డాడు. అక్కణ్ణించే అన్నాడు, "సంతకం పెట్టేద్దాం ఎస్తేరూ. నిజమేంటో మనకి తెలుసు, చాలు. పాప అక్కడ పెట్టెలో ఒక్కతే ఉంది."

నేను తిట్టాను. నువ్వూ వాళ్ళలో కలిశావా అన్నాను. అనకూడని మాటలు ఇంకో నాలుగన్నాను. అతను గడప మీంచి లేచాడు. మోటారు బాగుచేయాలని పానా పట్టుకుని వెళ్ళిపోయాడు. పానా తలకిందులుగా పట్టుకున్నాడు.

పన్నెండో రోజు

తప్పు రాస్తున్నాను. ఎనిమిదో నెలలో తడి తాళ్ళ మోపు ఒకటి ఎత్తాను. బరువు ఎక్కువే. ఎవరూ చూడలేదు. అదే కారణం అయి ఉంటుంది.

"అభినందనలు ఎస్తేరు గారూ! కారణం లభించింది. మీ సహకారానికి ధన్యవాదాలు."

సంగీతం కూడా వచ్చింది. పలక మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. పన్నెండు రోజుల్లో మీరు నన్ను పేరు పెట్టి పిలిచింది ఇదే మొదలు. ఇన్నాళ్ళూ నేను కేసు నలభై రెండు. తప్పు ఒప్పుకునేసరికి గారు కూడా చేర్చారు.

సంతకం పెట్టాల్సిన కాగితం తెరుచుకుంది. వేలు పెట్టబోయాను, ఒట్టు. పాప ఇంటికొస్తుంది కదా, ఈ దిక్కుమాలిన గడిలో వేలు పెడితే నాదేం పోయింది అనుకున్నాను. కాగితం పైనుంచి చదివాను. కేసు నంబరు ఉంది. బరువు ఉంది. కారణం, తల్లి అజాగ్రత్త. బిడ్డ పేరు, వర్తించదు.

వర్తించదా! ఆరో నెలలోనే పేరు పెట్టుకున్నాం. బైబిలు తెరిచి, యోనా ఒకటీ నేనొకటీ అని నాలుగు రోజులు పోట్లాడుకుని పెట్టుకున్నాం. ఆ పేరుతో మూడు నెలలు పిలిచాను. పిలిచినప్పుడల్లా తన్నింది.

వేలు తీసేశాను. పైన రాసిన తాళ్ళ మోపు అబద్ధం. ఎనిమిదో నెలలో తాళ్ళన్నీ యోనాయే ఎత్తాడు, నేను కూర్చుని పెత్తనం చేశాను. ఆకుపచ్చ దీపం ఆర్పేసుకోండి.

మా అత్త ఇదంతా నా భుజం మీదుగా చూస్తూనే ఉంది. "ఎల్లుండి బుధవారం. కేంద్రంలో పట్టీ పండగ" అంది. "ఉతికిన చీర తీసిపెట్టుకో. ముందు తలుపు నుంచి పోదాం. మనమేం దొంగలమా?"

పద్నాలుగో రోజు

పాపని దిబ్బ మీద పూడ్చి ఇప్పుడే వచ్చాం. చేతులకి ఇంకా మట్టి ఉంది. ఎలా జరిగిందో మీకు తెలుసు గానీ, మీరు రాసుకునే తీరు వేరు కదా, అందుకని నా తీరులో నేను రాస్తున్నాను.

ముందు తలుపు దగ్గర మమ్మల్ని ఆపబోయారు. మా అత్త ఆదివారం చీర కట్టుకుని బైబిలు చేత పట్టుకుంది, పాస్టరమ్మ అనుకున్నారో ఏమో, దారిచ్చారు. నేనూ యోనా వెనకే నడిచాం. నా ఖాళీ కడుపూ, చేతిలో పట్టీ చూసి బల్లల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. ఒక తల్లి తన కూతురి కళ్ళు చేత్తో మూసింది. అందరూ అప్పుడే పట్టీలు కట్టుకున్నవాళ్ళు, పాత పట్టీలతో పరీక్షకి వచ్చినవాళ్ళు. డాక్టరు పురుషోత్తం గారు పసుపు పళ్ళెం పక్కన నిలబడి ఉన్నారు.

"డాక్టరు గారూ, మా మనవరాలిని తీసుకెళ్ళడానికి వచ్చాం" అంది మా అత్త.

"వెనక్కి రండమ్మా, మాట్లాడదాం" అన్నారాయన, నవ్వు చెదరకుండా.

"ముందే మాట్లాడండి. పాప పోయాక అయిదు రోజులు ఈ పట్టీ క్షేమం అంది. నాకు కట్టినా క్షేమం అంది. నా కొడుక్కి కట్టినా క్షేమం అంది. నా కోడలి తప్పేంటో ఇక్కడ చెప్పండి."

హాలంతా గుసగుసలు. ఆయనకి కోపమొచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ, ఇన్నేళ్ళూ ఆయన చెబితే వినేవాళ్ళే గానీ ఎదురు చెప్పినవాళ్ళు లేరు. "పట్టీ గర్భాన్ని గుర్తుపడుతుంది. అడ్డమైనవాళ్ళకీ పలకదు" అన్నారు. "ఇటివ్వండి. నేనే కట్టుకుంటా. అందరూ చూడండి, పట్టీ నోరు మెదపదు."

"వద్దు సార్, విడవని పట్టీ అది" అంది సిస్టర్ హైమావతి. "చదువుకున్నవాళ్ళం, మనమే భయపడితే ఎలా?" అని ఆయన లాక్కున్నారు. ఆయన బొజ్జకి పట్టీ చాల్లేదు. ఊపిరి బిగబట్టి, చిట్టచివరి రంధ్రానికి తగిలించారు.

"బిడ్డ క్షేమం. గుండె నూట యాభై ఆరు. తల్లి ఎడమ పక్కకి తిరిగి విశ్రాంతి తీసుకోవాలి."

ఆయన పట్టీని వేలితో కొట్టారు. అది మళ్ళీ అదే చెప్పింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, అంతే, హాలు హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన కొక్కెం ఊడదీసుకోవాలని చూస్తుంటే చొక్కా ఇరుక్కుంది. నా జన్మలో అంత తృప్తిగా ఎప్పుడూ నవ్వలేదు, పలకా, ఇది కూడా రాసుకో.

అంతలో పదకొండయింది. గంటగంటకీ పలికే పట్టీలు కదా. హాల్లో ఉన్న నడుములన్నీ ఒక్కసారే "బిడ్డ క్షేమం" అన్నాయి.

నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కళ్ళూ తమ కడుపు మీద చెయ్యి పెట్టుకోవడం చూశాను. అందరూ కదలిక కోసం ఆగారు. నాకు చాలా భయమేసింది. నవ్వినందుకు సిగ్గేసింది. ఒకావిడ "తన్నింది, తన్నింది" అని ఏడ్చేసింది. ఇంకొకావిడ సిస్టర్ చెయ్యి పట్టుకుని లాగి తన కడుపు మీద పెట్టుకుంది. "పట్టీ వద్దు. నువ్వు చూసి చెప్పు" అంది.

సిస్టర్ హైమావతి మోకాళ్ళ మీద కూర్చుని ఆ కడుపుకి చెవి ఆనించి విన్నది. "ఉంది తల్లీ" అంది. తర్వాత లేచి, డాక్టరు గారు పిలుస్తున్నా ఆగకుండా చల్లగది వైపు పోయింది. వచ్చేటప్పుడు పాప ఆవిడ చేతుల్లో ఉంది, గుడ్డ మొహం మీద కప్పలేదు. నా దగ్గరికొచ్చి, "ఆడపిల్ల. రెండు కిలోల ఏడొందలు" అంది. దిబ్బ కాగితం తనే తీసి, కారణం గడిలో "మూడుసార్లు వచ్చింది. వెనక్కి పంపాం" అని రాసి, తన సంతకం పెట్టింది. ఆవిణ్ణి నేను క్షమించలేదు. కాగితం మాత్రం తీసుకున్నాను.

అక్కడే బల్ల మీద కూర్చుని పాపని చూసుకున్నాను. పెదాలు నల్లబడ్డాయి. చెంప మీద చర్మం కొంచెం లేచింది. జుట్టు ఎంత ఒత్తుగా ఉందో! గోళ్ళు కూడా పూర్తిగా ఉన్నాయి. యోనా పాప పాదం పట్టుకుని వదల్లేదు. నా బల్ల మీద కూర్చున్నవాళ్ళు ముందే లేచి పక్కకి పోయారు. కాస్త దూరంలో అందరూ మమ్మల్ని చూడకుండా నిలబడ్డారు.

వాళ్ళలోంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఇవాళో రేపో అన్నట్టుంది. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతుంటే విదిలించుకుని వచ్చింది. కడుపు చేత్తో పట్టుకుని, నా పక్కన మెల్లిగా కూర్చుంది.

"నేను చూడొచ్చా అక్కా?" అంది.

గుడ్డ కొంచెం తీశాను. వంగి చూసింది. భయపడుతుందేమో అనుకున్నాను. చాలాసేపు చూసింది.

"పేరేంటి?"

"కెజియా" అన్నాను. అప్పటిదాకా ఆ పేరు ఎవరూ అడగలేదు.

"కెజియా" అని తనూ అంది. "ముక్కు నీదేనక్కా."

"కాదమ్మా, సరిగ్గా చూడు" అన్నాను. "వాళ్ళ నాయనమ్మది."